మంచం కింద యుద్ధరంగం

బొమ్మ సైనికులను బల్లమీద పేర్చి, పాచికలు వేసి, పాత యుద్ధాలను మళ్ళీ ఆడి చూసే సరదా ఒకటుంది. మన హనుమకొండలో ఈ మాట ఎత్తితే రెండు అభ్యంతరాలు వస్తాయి. "అది బంగళాలున్నోళ్ళ ఆట" అనేది ఒకటి. "యుద్ధం ఆటెట్లయితది?" అనేది రెండవది. రెండింటికీ నా దగ్గర జవాబుంది గనుకనే ఈ నాలుగు మాటలు.

మొదటి దాంట్లో కొంత నిజం లేకపోలేదు. 1812లో రైస్విట్జ్ అనే ప్రష్యా దేశస్థుడు తమ రాజుకు సమర్పించిన యుద్ధక్రీడ సొరుగులున్న పెద్ద మేజా. రాజభవనంలో తప్ప పట్టదు. అయితే ఆయన కొడుకే 1824లో దాన్ని కాగితపు పటం మీదికి దించాడు. 1913లో "లిటిల్ వార్స్" రాసిన హెచ్.జి. వెల్స్ మాత్రం మళ్ళీ గది నేలంతా ఆక్రమించాడు. ఆయనకు ఇల్లుంది, చెల్లింది.

మాది రెండు గదుల అద్దె ఇల్లు, మనుషులం ఐదుగురం. నా యుద్ధరంగం మూడడుగుల ప్లైవుడ్ పలక. ఆట కాగానే మంచం కిందికి పోతుంది. దాని మీద ఓరుగల్లు కోట ఉంది. అసలు మట్టికోట అడ్డంగా సుమారు 2.4 కిలోమీటర్లు, రాతికోట అందులో సగం. నాలుగువేల వంతుకు కుదిస్తే ఒకటి రెండడుగులు, రెండవది అడుగు. శత్రువు గుడారాలకు చుట్టూ అరడుగు మిగులుతుంది. గోడకు చెరువుమట్టి, కందకానికి నీలం గుడ్డపేలిక. సీసపు బొమ్మలు ఎక్కడ తెస్తాం? ఒక్కో చింతగింజ నూరుమంది సిపాయిలు. ఒకవైపు అరగదీసి తెల్లగా చేసినవి ఢిల్లీ సేన, నల్లనివి కాకతీయులవి. పాచికకు బదులు గవ్వలు. ఇది లేమికి సర్దుబాటు కాదు సుమా! ఒక్క పాచికలో ఒకటీ ఆరూ సమానంగా పడతాయి. ఐదారు గవ్వలు కలిపి విసిరితే మధ్యరకం పందేలే ఎక్కువ, అన్నీ వెల్లకిలా పడటం అరుదు. యుద్ధంలో అద్భుతాలూ అంతే అరుదు.

రెండవ అభ్యంతరం బరువైనది. బొమ్మ తుపాకులతో పిల్లలకు చంపడం నేర్పుతున్నామని బాధపడే మిత్రులను నేను గౌరవిస్తాను. కానీ పులి-మేక ఆడిన మన తాతలెవరూ పులులు కాలేదే! పైగా మూడు పులులను పదిహేను మేకలు కదలకుండా కట్టేయగలవని ఆ పటమే చూపింది. వెల్స్‌దీ యుద్ధప్రచారం కాదు. అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో బొమ్మలతో ఆడితేనే తెలుస్తుందని ఆయన వాదన. మరుసటి ఏడే యూరపు అసలుది మొదలుపెట్టింది!

1323లో ఓరుగల్లు పతనమైందని పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యం చదువుకుంటాం. బల్లమీద అది ఒక్క వాక్యంతో తెగదు. 1310లో మాలిక్ కాఫూర్ మట్టిగోడ దాటాడు, రాతికోట ముందు సంధి కుదిరింది. తర్వాత ఉలుగ్ ఖాన్ మొదటిసారి ముట్టడి విడిచి వెనుదిరిగాడు, రెండవసారి వచ్చి గెలిచాడు. నా ఆటలో కోటలోని ధాన్యానికి ఒక అగ్గిపెట్టెలో బియ్యపు గింజలు పెట్టాను. రోజుకొకటి తీసేయాలి. రాతికోట 45 బురుజులూ నిలిచే ఉంటాయి, గోడ చెక్కుచెదరదు, అయినా అగ్గిపెట్టె ఖాళీ అవుతుంటే ప్రతాపరుద్రుని పక్షాన ఆడేవాని ముఖం మారిపోతుంది. గోడల నడుమ ఉన్నది సేన ఒక్కటే కాదు, ఊరు కూడా అని అప్పుడు తడుతుంది. ఎవరికి ముందు తిండి ఆపాలె? ఈ ప్రశ్న మన పరీక్ష పేపర్లలో నేనింతవరకు చూడలేదు.

క్యారమ్ బోర్డుకు సంఘం నిధుల్లో చోటున్నప్పుడు, దాని పక్కన ఒక ప్లైవుడ్ పలకకూ చోటుండాలని రాబోయే కార్యవర్గాన్ని కోరుతున్నాను. చింతగింజలు నేను తెస్తాను.