విలువలు తెలియక కాదు

నీకేది ముఖ్యమో ముందు కాగితం మీద పెట్టు, దాన్ని బట్టి వారాన్ని పంచుకో, జీవితం నీ చేతికి వస్తుంది. కాలేజీల వ్యక్తిత్వ వికాస తరగతుల్లో, పత్రికల యువత పేజీల్లో ఇప్పుడు వినిపిస్తున్నది ఈ మాటే. స్టీఫెన్ కవీ 1989లో తెచ్చిన ఏడు అలవాట్ల పుస్తకం దీనికి ప్రపంచమంతటా ఊతమిచ్చింది. ఈ బోధ అడుగున ఒక నమ్మకం ఉంది. ఎవరి వారమైనా చెదిరిపోతున్నదంటే, తనకేది విలువైనదో ఆ మనిషికి తెలియదని. అది తప్పు. పొద్దంతా కష్టపడే మనిషిని అవమానించే తప్పు.

గోపాల్‌పేట వైపు వచ్చి చూడండి. వనపర్తి జిల్లాలోని ఈ మండల కేంద్రం ఒకప్పుడు సంస్థానం. ఈ నేలలో బోరు కింద పల్లి వేసిన రైతు వారాన్ని చాలా ఏళ్లు ఎవరు నిర్ణయించారు? కరెంటు. ఫీడర్లను గ్రూపులుగా విడగొట్టి, ఒక వారం పగలు, ఒక వారం రాత్రి త్రీఫేజ్ ఇచ్చేవాళ్లు. రాత్రి వంతు పడిందంటే అర్ధరాత్రి టార్చి పట్టుకొని పొలం దారి పట్టాల్సిందే. తడి మడిలో చెప్పుల్లేని కాళ్లతో స్టార్టర్ దగ్గర నిలబడాల్సిందే. అలా వెళ్లి పాము కరిచి పోయినవాళ్లున్నారు, షాకు కొట్టి పోయినవాళ్లున్నారు. వాళ్లకు పెళ్లాం పిల్లల మీద ప్రేమ లేకనా? నిద్ర విలువ తెలియకనా? ఎండిపోతున్న చేను, దాని మీద తెచ్చిన అప్పు, మరునాడు ఉంటుందో లేదో తెలియని కరెంటు కలిసి ఆ మనిషిని మంచం మీంచి లేపాయి.

2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు అన్నారు. దాని లోటుపాట్ల మీద వాదనలు ఎన్నైనా ఉండొచ్చు. కానీ రాత్రి నిద్ర రైతుకు తిరిగి దక్కింది ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం వల్ల, దానికి ముందు సబ్‌స్టేషన్ల ముందు జనం కూర్చున్న ధర్నాల వల్ల. నోటుబుక్కులో విలువల జాబితా రాసుకున్నందువల్ల కాదు.

వలస సంగతి ఇంకా కఠినం. పాలమూరు కూలీ కట్టని ప్రాజెక్టు ఈ దేశంలో వెతికితే గానీ దొరకదు. గుంపు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్న రోజే రాబోయే నెలల వారాలన్నీ మేస్త్రీ లెక్కలోకి పోయేవి. అంతకుముందు ఇక్కడ భాగేలా ఉండేది. చేసిన అప్పుకు మనిషే ఆసామి పొలంలో కట్టుబడి పని చేయాలి. దాన్ని అదుపు చేయడానికి నిజాం ప్రభుత్వం 1936లో ఒక శాసనం తేవలసి వచ్చింది, దేశం మొత్తానికి వెట్టిని రద్దు చేసే చట్టం 1976 దాకా రాలేదు. ముసలి తల్లిదండ్రుల దగ్గర పిల్లల్ని వదిలి బొంబాయి బస్సెక్కిన తల్లికి ‘కుటుంబం’ అనే మాటను పట్టికలో మొదటి స్థానంలో రాసుకోమని చెప్పడానికి నాకు నోరు రాదు. ఆమె బస్సెక్కిందే ఆ కుటుంబం కోసం.

సరే, ఇది పేదల సంగతి, నెల జీతం ఉన్నవాళ్లకు ఈ పద్ధతి పనికొస్తుంది కదా అంటారు. వాళ్ల ఇళ్లలోకే వెళ్దాం. ఉదయం వ్యాయామం, రాత్రి చదువు, ఆదివారం స్నేహితులు అని భర్త పట్టిక వేసుకుంటాడు. అది చక్కగా సాగుతుంది కూడా. ఎందుకు సాగుతుందో ఆ పట్టికలో ఎక్కడా ఉండదు. 2024లో కేంద్ర గణాంక శాఖ చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దాని మీద రోజుకు 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. ఒకరి వారం క్రమంగా నడవాలంటే ఇంకొకరి వారం ముక్కలు కావాలి. ఈ లెక్క పక్కన పెట్టి విలువల గురించి మాట్లాడటం అన్యాయం.

విలువ అనేది ఏకాంతంలో కూర్చుంటే బయటపడుతుందన్నదీ నేను ఒప్పుకోను. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు గెలిచిన సురవరం ప్రతాపరెడ్డిని తీసుకోండి. 1926లో ఆయన మొదలుపెట్టిన గోలకొండ పత్రిక వారానికి రెండుసార్లు వచ్చేది. ఆయన వారాన్ని నడిపింది ఆ రెండు సంచికల గడువు, వాటి కోసం ఎదురుచూసే పాఠకులు. నిజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఒకరు తేలిగ్గా మాట్లాడితే, ఆయన ఊరూరికీ కబురు పెట్టి 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక తెచ్చారు. ఆ పనికి పురికొల్పింది ఒక పరాభవం. భాష మీద ప్రేమ ఆయనలో ముందే ఉండి ఉంటుంది. దానికి రూపం వచ్చింది మాత్రం నలుగురికీ జవాబు చెప్పాల్సి వచ్చినప్పుడే.

ఎంత పరాధీనమైన వారంలోనైనా కొంత సమయం మిగులుతుంది, దాన్నైనా తెలివిగా వాడుకోవాలి కదా అనే ప్రశ్న ఉంది. న్యాయమైన ప్రశ్న. నిజమే, మిగులుతుంది. అయితే ఆ సమయం ఒంటరిగా నిలవదు. పొదుపు సంఘం మీటింగుకు ఎంత పనున్నా ఆడవాళ్లు వస్తారు, మిగతావాళ్లు కూర్చొని ఉంటారని. వద్దనడానికి ఇంట్లోవాళ్లు కూడా జంకుతారు. అదే ఆడమనిషి ‘నా కోసం ఒక గంట’ అని సొంతంగా రాసుకుంటే, ఆ గంటను ఎవరైనా లాక్కుంటారు.

వారంలో ఒక సెలవు అన్నదే పోరాడి తెచ్చుకున్నది. తెలుగు కూలీలైన కామాఠీల పేరు మీద కామాఠీపుర వెలసిన ఆ బొంబాయిలోనే, మిల్లు కార్మికులు పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా, వారంలో ఒక్కరోజూ విరామం లేకుండా పనిచేసేవాళ్లు. నారాయణ్ మేఘాజీ లోఖండే 1884లో వాళ్లను కూడగట్టి ఆదివారం సెలవు అడిగారు. యజమానులు 1890లో ఒప్పుకున్నారు. ఆరేళ్లు పట్టింది. అన్నేళ్లూ ఆ కార్మికులకు తమ విలువలేమిటో తెలియదని ఎవరైనా అనగలరా?

అందుకే వికాస తరగతులు చెప్పేవాళ్లను నేను కోరేదొకటి. నీకేది ముఖ్యం అని అడిగే ముందు, నీ వారంలో ఏ గంట ఎవరి చేతిలో ఉందో అడగండి. ఆ పేర్లు బోర్డు మీద రాయించండి: మేస్త్రీ, యజమాని, అప్పిచ్చినవాడు, ఇంట్లో కూర్చొని వడ్డన చేయించుకునేవాడు. పని కోసం ఊరు దాటేవాళ్లు మేస్త్రీతో కూలి ఎంతని అడిగినంత గట్టిగా సెలవు ఏ రోజని అడగాలి, ఆ రోజు కూలి కోస్తారా అని అడగాలి. ఒక్కరు కాదు, గుంపు మొత్తం అడగాలి, అడ్వాన్సు డబ్బులు చేతిలో పడకముందే.