ఆరోగ్య విషయములు: ప్రేగుగోడలో చిక్కుకొనిన గాలి

కడుపుబ్బరమును గూర్చి మన సోదరీమణులకు మేము క్రొత్తగా చెప్పవలసిన దేమియు లేదు. కందిపప్పు ఒకరికి పడదు, శనగపిండి మఱియొకరికి పడదు. వామును ఉప్పును నమలి, వేడినీరు త్రాగి, కొంతసేపు నడచినచో ఆ బాధ తగ్గుట అందఱు నెఱిగినదే. అది ప్రేగుగొట్టములో తిరుగాడు గాలి. దానికి వచ్చుటకును పోవుటకును దారి గలదు. ఈ మాసమున మేము వ్రాయబూనినది దానిని గూర్చి కాదు. గాలి గొట్టములో గాక గొట్టపు గోడలోనికే చొచ్చి, వెలువడు త్రోవ లేక బుడగలై నిలిచిపోవుట యొకటి గలదు. వైద్యులు దీనిని న్యుమటోసిస్ ఇంటెస్టినాలిస్ అందురు. పేరు నోరు తిరుగనిదే గాని, సంగతి స్త్రీలు తెలిసికొనదగినది. నెలలు నిండకమునుపే కాన్పు వచ్చిన యింట మఱింత తెలియదగినది.

ప్రేగుగోడ పలుచనిదిగా కనబడినను అందు నాలుగు పొరలున్నవి. లోపల ఆహారమును తాకుచుండునది మెత్తని జిగురుపొర. దాని క్రింద రక్తనాళములతో నిండిన వదులైన పొర, దానిపై కండరముల పొర, అన్నిటికి వెలుపల సన్నని కప్పుపొర. గాలి బుడగలు తఱచుగా ఆ వదులు పొరలోనో, వెలుపలి కప్పు క్రిందనో చేరును. బాగుగా పులిసిన దోసెల పిండిని చూచిన వారికి ఈ రూపమును వేఱుగ వర్ణింప నక్కఱలేదు.

1730వ సంవత్సరమున డువెర్నాయ్ అను నాతడు శవమును కోసి పరీక్షించుచు దీనిని మొదట కనుగొని వ్రాసెను. గాలి అచ్చటికెట్లు పోయినదను ప్రశ్నకు నేటికిని ఒక్క సమాధానము లేదు, మూడున్నవి. జిగురుపొర చిరిగినచోట గొట్టములోని గాలి ఒత్తిడిచే లోనికి దూరుననునది యొకటి. ఉబ్బసము మొదలగు వ్యాధులచే ఊపిరితిత్తుల గాలితిత్తి పగిలి, ఆ గాలి రక్తనాళముల వెంబడి జారి కడుపులోనికి దిగుననునది రెండవది. వాయువును పుట్టించు సూక్ష్మజీవులే గోడలో చేరి అచ్చటనే వాయువును చేయుననునది మూడవది. ఈ బుడగలలో హైడ్రొజన్ వాయువు కనబడుచుండుట మూడవదానికి గొప్ప సాక్ష్యము. ఏలయన, మానవ శరీరకణములు హైడ్రొజన్‌ను చేయజాలవు. అది సూక్ష్మజీవుల పనియే. మా తలంపున మూడును నిజములే. ఒక్కొక రోగియందు ఒక్కొకటి.

1952లో కాస్ అను వైద్యుడు 213 మంది రోగుల వృత్తాంతములను ప్రోగుచేసి చూడగా, నూటికి సుమారు 85 మందిలో ఇది వేఱొక వ్యాధిని అనుసరించి వచ్చినదనియు, తక్కిన 15 మందిలో ఏ కారణమును కానరాలేదనియు తేలినది. కావున ఇది వ్యాధి యనుటకంటె వ్యాధి విడిచిన గుర్తు అనుట యుక్తము.

ఈ గుర్తు చిత్రమైనది. నడివయస్సు దాటిన యొకరికి వేఱే పనికై స్కాను తీయించగా పెద్దప్రేగు గోడనిండ బుడగలు కనబడును. ఆ మనిషి హాయిగా తిని తిరుగుచుండును. ఒక్కొకప్పుడు వెలుపలి బుడగ పగిలి కడుపులో గాలి చేరినను ప్రమాదము రాదు. తొందరపడి కత్తి పట్టిన వైద్యునకు లోపల చిల్లు ఏదియు కనబడదు. మఱియొకచో వృద్ధునకు హఠాత్తుగా భరింపరాని కడుపునొప్పి వచ్చును. ప్రేగునకు రక్తము నిచ్చు నాళము గడ్డచే మూసికొనిపోయి, ప్రేగు చచ్చుచుండును. స్కానులో అవే బుడగలు! అచ్చట గడియ యాలస్యమైనను ప్రాణాపాయమే. పటమొక్కటే చూచి తీర్పు చెప్పరాదు. రోగి ముఖమును, నాడిని, నొప్పిని, రక్తపరీక్షను చూచి చెప్పవలెను. స్కాను కాగితములోని పెద్ద పేరు చదివి ఇంటిల్లిపాది యేడ్చుటయు, నొప్పితో మెలికలు తిరుగు పెద్దవారికి సోడా త్రాగించి తెల్లవాఱనిమ్మనుటయు, రెండును తగవు.

నిరపాయమైన బుడగలు బాధపెట్టుచున్నచో ఆక్సిజన్ పీల్పించు చికిత్స 1973 నుండి వాడుకలో నున్నది. ఆక్సిజన్ హెచ్చుగా పీల్చినపుడు రక్తములోని ఇతర వాయువులు తగ్గును. బుడగలోని వాయువు రక్తములోనికి జాఱి ఊపిరితో వెడలిపోవును. లోనికి పోయిన ఆక్సిజన్‌ను కండలే వాడుకొనును. బుడగ క్రమముగా అణగిపోవును. గాలిని గాలితోనే తీయుట మాకు ముచ్చటగొలిపినది.

ఇక అసలు విషయమునకు వత్తము. ఈ గాలి మిక్కిలి భయంకరముగా కనబడునది నెలలు నిండక పుట్టిన శిశువులయందు. దానికి నెక్రొటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అని పేరు. ప్రేగు వాచి, కుళ్లి చచ్చుట యని భావము. కిలోన్నర కంటె తక్కువ తూకముతో పుట్టిన శిశువులలో నూటికి 5 మొదలు 10 మంది వఱకు దీని వాతబడుదురు. వారి ప్రేగు ఇంకను పచ్చిది, జిగురుపొర పలుచన, సూక్ష్మజీవులను ఆపు శక్తి చాలదు. గోడలో చొచ్చిన సూక్ష్మజీవులు పాలలోని చక్కెరను పులియజేసి వాయువును పుట్టించును. 1978లో బెల్ అను వైద్యుడు ఈ వ్యాధిని మూడు దశలుగా విభజించెను. ఎక్స్‌రే పటమున గోడవెంబడి గాలిగీతలు కనబడుట రెండవ దశకు గుర్తు.

మిక్కిలి ముందుగా పుట్టిన బిడ్డకు ఇది తొలిదినములలో రాక, రెండు మూడు వారములు గడచి, గండము తప్పినదని యిల్లు ఊపిరి పీల్చుకొను వేళ వచ్చుట కలదు. త్రాగిన పాలు అరుగక నిలుచుట, ఆకుపచ్చని పసరు వాంతియగుట, పొట్ట ఉబ్బి చర్మము నిగనిగలాడుట, మలములో నెత్తుటి జీర, బిడ్డ డస్సి కదలకుండుట, ఊపిరి ఆగి ఆగి వచ్చుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను తల్లి తక్షణమే నర్సునకు చెప్పవలెను. ఇంటికి తెచ్చుకొనిన బిడ్డయైనచో ఆ గడియలోనే ఆసుపత్రికి కొనిపోవలెను. ఆముదపు ఉగ్గు, వస అరగదీసి నాకించుట, వామునీరు, తేనె, గాడిదపాలు ఇవి యేవియు అట్టి బిడ్డ నోట వేయరాదు. పెద్దవారి ప్రేమను మేము తప్పు పట్టుట లేదు. పచ్చిప్రేగు వానిని తట్టుకొనలేదని మాత్రమే మా మాట.

వైద్యులు ముందుగా పాలు మాన్పింతురు. ముక్కుగుండ సన్నని గొట్టమును కడుపులోనికి వేసి గాలిని తీయుదురు. నరముగుండ పోషకద్రవములను, మందులను ఎక్కింతురు. బిడ్డను పస్తు పెట్టినారని అమ్మమ్మలు నాయనమ్మలు దుఃఖించుట సహజమే. కాని ఆ పస్తు ప్రేగునకు విశ్రాంతి. ప్రేగు చిల్లుపడినచో శస్త్రచికిత్స తప్పదు. ఇన్ని చేసినను ఈ వ్యాధి సోకినవారిలో పదిమందికి ఇద్దఱు ముగ్గురు దక్కకుండుట కలదు.

రానీయకుండుటకు మనచేత నున్న గొప్ప సాధనము తల్లిపాలు. 1990లో లూకస్, కోల్ అను ఆంగ్ల పరిశోధకులు నెలలు నిండని 926 మంది శిశువులను పరిశీలించిరి. డబ్బాపాలు మాత్రమే త్రాగినవారికి ఈ వ్యాధి తల్లిపాలు మాత్రమే త్రాగినవారికంటె 6 మొదలు 10 రెట్లు హెచ్చుగా వచ్చినది. కాన్పైన కొలది గంటలలోనే తల్లి చేతితో పాలు పిండ మొదలిడి, రాత్రియు విడువక రెండు మూడు గంటల కొకసారి పిండుచుండవలెను. మొదట చుక్కలే వచ్చును. చిక్కని ఆ ముఱ్ఱుపాల చుక్కలను పాఱబోయు ఇండ్లు ఇంకను గలవని వినుచున్నాము. వెండిగిన్నెలో పట్టి దాచుకొనదగిన వానిని పాఱబోయుట యెంత అన్యాయము! అట్లని తల్లిపాలు త్రాగిన బిడ్డలకు ఈ వ్యాధి బొత్తిగా రాదని కాదు, అప్పుడప్పుడు వచ్చును. అట్టి తల్లిని, నీ పాలు మంచివి కావు అని నిందించు అత్తగారు ఉన్నచో, ఈ పుటను ఆమెకు చదివి వినిపింపుడు.

తల్లికి పాలు పడనపుడు పరుల తల్లిపాలు మేలు. ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో 1989లో డాక్టరు ఆర్మిడా ఫెర్నాండెజ్ పూనికతో ఆసియాఖండమున మొదటి తల్లిపాల నిధి ఏర్పడినది. హైదరాబాదున నీలోఫర్ ఆసుపత్రిలో ధాత్రి యను పేర నట్టిది వెలసినది. దాత రక్తమును పరీక్షించి, పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషములుంచి, చల్లార్చి, ఘనీభవింపజేసి దాచుదురు. తన బిడ్డ కడుపునిండ త్రాగిన పిదప పాలు మిగులుచున్న ఆరోగ్యవతి యగు ఏ తల్లియైనను దాత కావచ్చును.