లోకం పోకడ: ఢాకా నుంచి జాఫ్నా దాకా

పరాయి దేశంలో జనాన్ని ఊచకోత కోస్తూ వుంటే మరొక దేశం సైన్యాన్ని పంపవచ్చునా? మన యిళ్ళలో భోజనాల దగ్గర యీ మాట వచ్చినప్పుడల్లా రెండు పక్షాలు తయారవుతాయి. ఎవరి స్వార్థం వారిది, ధర్మమన్నది పైపూత అని కొందరు. 1971లో ఇండియా చేసినది చూడరాదా అని కొందరు. మేము రెండో పక్షం వారమే. అయితే ఆ కథ మనం సగమే చెప్పుకొంటున్నామేమోనని మా అనుమానం.

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం ఢాకాలో మారణకాండ మొదలుపెట్టింది. ఏప్రిల్ 6న అక్కడి అమెరికా కాన్సలేటు నుంచి, తమ ప్రభుత్వ మౌనాన్ని ఘాటుగా ఖండిస్తూ 20 మంది అమెరికన్ ఉద్యోగుల సంతకాలతో వాషింగ్టన్‌కు తంతి వెళ్ళింది. దాన్ని సమర్థించిన కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్‌ను కొద్ది కాలానికే అక్కడినుంచి పిలిపించేశారు. చైనాతో చేయి కలపడానికి నిక్సన్‌కు యాహ్యాఖాన్ మధ్యవర్తిత్వం కావలసి వచ్చింది. మనం పన్నులు కట్టే యీ దేశానికి ఆనాటి ప్రయోజనం అది.

ఇండియాకు ప్రయోజనం లేదా? లేకేం! కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. త్రిపురలో వారి సంఖ్య స్థానిక జనాభాకు దాదాపు సమానమైంది. పాకిస్తాన్ రెండు ముక్కలు కావడం ఢిల్లీకి చేదేమీ కాదు. డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాలపై దాడి చేసిన మాట నిజం. అంతకుముందే, నవంబరులోనే, మన సైనికులు సరిహద్దు దాటిన మాటా నిజమే. ఐక్యరాజ్య సమితి సర్వసభ్య సభలో కాల్పుల విరమణ, సైన్యాల ఉపసంహరణ కోరిన తీర్మానానికి 104 దేశాలు చేతులెత్తాయి, 11 వద్దన్నాయి. లోకమంతా మనవైపే వుందని పిల్లలకు చెప్పే పెద్దలు యీ లెక్క కూడా చెప్పాలి.

అయినా ఆ పని సరైనదేనని మేమెందుకంటాము? ఉద్దేశాలు కడిగిన ముత్యాలని కాదు. తిరిగి ఎవరికి అప్పగించాలో తెలిసి వెళ్ళారు కనుక. 1970 డిసెంబరు ఎన్నికలలో తూర్పు పాకిస్తాన్‌లోని 162 సాధారణ స్థానాలలో 160 ముజీబుర్ రహమాన్ పార్టీయే గెలిచింది. డిసెంబరు 16న పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. మొత్తం బందీలు సుమారు 93,000. జనవరి 10న ముజీబ్ ఢాకా చేరాడు. 1972 మార్చి 12న మన సైన్యం వీడ్కోలు కవాతు చేసి వచ్చేసింది. మూడు నెలలైనా నిండలేదు! గెలిచిన సైన్యం అంత త్వరగా యిల్లు చేరడం చరిత్రలో తరచు కనబడదు.

ఇక మనం చెప్పుకోని సగం. 1987 జూలై 29న కొలంబోలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే ఒప్పందంపై సంతకాలు చేశారు. తమిళుల రక్షణ అన్నారు. శ్రీలంకలోకి మరెవరి సైన్యమూ రాకూడదన్నది ఢిల్లీ లోపలి లెక్క. ఇక్కడా రెండూ కలిసే వున్నాయి. కాని ఆ కాగితంమీద తమిళుల సంతకం లేదు. అక్టోబరు నాటికి శాంతి సేన పులులతోనే యుద్ధంలో దిగింది. ఆ నెలలోనే జాఫ్నా ఆసుపత్రిలో డాక్టర్లు, నర్సులు, రోగులు మన సైనికుల తూటాలకు బలయ్యారు. మన సైనికులు దాదాపు 1,200 మంది చనిపోయారు. ఎవరికి అప్పగించి రావాలో తేలనేలేదు. చివరకు కొత్త అధ్యక్షుడు ప్రేమదాసయే వెళ్ళిపొమ్మన్నాడు.

1990 మార్చిలో ఆఖరి దళాలు మద్రాసు రేవులో దిగినప్పుడు ముఖ్యమంత్రి కరుణానిధి స్వాగతం చెప్పడానికి రాలేదు.