మౌనము కూడ నేరమే

బడిగంట మ్రోగును. పిల్లలందఱు పరుగులెత్తుచు ఇండ్లకు పోదురు. ఒక బిడ్డ మాత్రము బల్ల విడువక కూర్చుండును. "ఏమమ్మా, ఇంటికి పోవా?" అని పంతులుగారు అడిగినచో తల వంచుకొనును. ఆ మౌనములో ఏమున్నదో కనుగొనుట వ్యాకరణ సూత్రము నేర్పుటకన్న కష్టమైన పని. అయినను అది ఉపాధ్యాయుని పనియే. నేడది ధర్మము మాత్రమే కాదు, చట్టము విధించిన బాధ్యత కూడ.

లైంగిక నేరములనుండి బాలలను రక్షించు చట్టము 2012లో పార్లమెంటు ఆమోదము పొంది, ఆ సంవత్సరమే నవంబరు 14న, బాలల దినోత్సవమునాడు, అమలులోనికి వచ్చినది. 'పోక్సో' అని మనము పత్రికలలో చదువునది దీనినే. అంతకు ముందు ఇట్టి నేరములకు ప్రధానముగ 1860 నాటి శిక్షాస్మృతియే గతి. అందు బాలురకు తగిన రక్షణ లేదు. క్రొత్త చట్టము 18 ఏండ్లు నిండని ప్రతివారిని, ఆడ మగ భేదము లేక, బిడ్డగనే పరిగణించినది.

దీని వెనుక ఒక చేదు నిజము గలదు. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రకటించిన పరిశీలనలో, 13 రాష్ట్రములలో ప్రశ్నింపబడిన బాలలలో నూటికి 53 మంది ఏదో ఒక రూపమున లైంగిక వేధింపునకు గురియైతిమని చెప్పిరి. వేధించినవారిలో సగముమంది పరిచితులు, బిడ్డ నమ్మదగిన స్థానమున ఉన్నవారు. గోడ దూకి వచ్చిన దొంగకు మాత్రమే భయపడిన మనము, గుమ్మములోనుండి వచ్చినవానిని కనిపెట్టలేకపోతిమి.

చట్టము బిడ్డ భయమును ఎఱిగి వ్రాయబడినది. వాంగ్మూలమును బిడ్డ ఇంటనో, కోరిన చోటనో, సాధ్యమైనంతవఱకు మహిళాధికారియే తీసికొనవలెను. అప్పుడు పోలీసు దుస్తులు ధరింపరాదు. రాత్రివేళ బిడ్డను ఠాణాలో ఉంచరాదు. ప్రత్యేక న్యాయస్థానములో న్యాయవాదుల ప్రశ్నలు న్యాయమూర్తి ద్వారానే బిడ్డను చేరును. బిడ్డ పేరును, ఊరును, బడిని పత్రికలు బయటపెట్టరాదు. వీలైనంతవఱకు ఒక్క యేటిలో విచారణ ముగియవలెననియు ఉన్నది. ఈ చివరిమాట పెక్కుచోట్ల కాగితముపైననే నిలిచినదని ఒప్పుకొనక తప్పదు.

ఉపాధ్యాయులు ప్రత్యేకముగ గమనింపవలసినది ఒకటి గలదు. నేరము జరిగినదని తెలిసియు పోలీసులకు తెలుపనివారికి ఆరు నెలలవఱకు కారాగార శిక్ష పడవచ్చును. సంస్థాధిపతి తన క్రింది ఉద్యోగి నేరమును దాచినచో అది ఏడాదివఱకు పెరుగును. చెప్పలేకపోయిన బిడ్డకు మాత్రము శిక్ష లేదు. బడి ఉద్యోగియే ఆ బడి బిడ్డపై దౌష్ట్యమునకు పాల్పడినచో చట్టము దానిని తీవ్రతర నేరముగ ఎంచును. 2019 సవరణతో శిక్షలు ఇంకను కఠినమైనవి.

అయినను బడిలో మొదట వినవచ్చు మాట "బడి పరువేమగును?" అని, ఇంట వినవచ్చునది "నలుగురు ఏమనుకొందురు?" అని. పరువు పోవలసినది నేరము చేసినవానిది. బిడ్డది కాదు, బిడ్డ మాట విని అండగా నిలిచిన బడిదియు కాదు. ఎంత కఠిన శిక్షయైనను ఫిర్యాదు రానిచోట అక్కఱకు రాదు. ఉపాధ్యాయుడు విచారణాధికారి కానక్కఱలేదు. గ్రుచ్చి గ్రుచ్చి ప్రశ్నింపక, ఓపికతో విని, "నీ మాట నమ్ముచున్నాను" అని చెప్పి, వెంటనే తెలుపవలసినవారికి తెలిపిన చాలును.

విద్యార్థులారా! పెద్దల మాట వినుమని మీకు నేర్పితిమి. ఆ పాఠములో ఒక వాక్యము చేర్చుట మఱచితిమి. మీ దేహము విషయమున "వద్దు" అనుట అవినయము కాదు. "ఎవరికిని చెప్పకు" అని ఎవరైనను బెదిరించినచో, ముందుగ చెప్పవలసినది ఆ సంగతియే. అమ్మకో, గురువుకో చెప్పుడు. ఒకరు వినకున్న వేఱొకరికి చెప్పుడు. 1098 అను టెలిఫోను సంఖ్య పగలు రాత్రి మీ కొఱకే ఉన్నది. తప్పు మీది కాదు.

చట్టము ఢిల్లీలో పుట్టినది. అది బ్రదుకవలసినది మాత్రము ప్రతి ఊరి బడిలో, విను మనస్సుగల ఒక గురువు వద్దనే.