బూజుకర్ర పొడుగు... చీపురు పొట్టి!

పేరులోనే చీపురున్న ఊరు, విజయనగరం జిల్లాలోని చీపురుపల్లి. అక్కడైనా, ఇంకే ఊళ్ళోనైనా ఇళ్ళు ఎంత మారాయో చూడండి. పేడతో అలికిన నేల మీదికి టైల్స్ వచ్చాయి. కట్టెల పొయ్యి పోయి గ్యాసు గట్టు వచ్చింది. టీవీ అయితే మెడ నొప్పి పుట్టకుండా కళ్ళకి ఎదురుగా గోడెక్కింది.

మరి తలుపు మూలనున్న చీపురో? పిడికి ప్లాస్టిక్ తొడుగూ, రంగులూ వచ్చాయి. పొడుగు మాత్రం చాలా ఇళ్ళల్లో అమ్మమ్మల నాటిదే!

"వంగకపోతే సన్న దుమ్ము రాదమ్మా" అంటారు పెద్దవాళ్ళు. కొంత నిజమే. కానీ అదే ఇంట్లో బూజుకర్ర ఉంది కదా! ఇంటికప్పు మన దగ్గరికి దిగిరాదు కాబట్టి దానికి పొడుగాటి కర్ర కట్టారు. నేల దగ్గరికైతే మన నడుమే దిగివస్తుంది. ఇక కర్రతో పనేముంది!

1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో మార్గరెట్ షూటె లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు కొత్త ఇళ్ళకి వంటగది గీశారు. వంటింటి పనిలో పడే అడుగులు, పట్టే సమయం లెక్కచూశాకే గట్టు ఎక్కడో, సింకు ఎక్కడో తేల్చారు. అలాంటివి దాదాపు 10,000 కట్టారు. నేటి మాడ్యులర్ కిచెన్‌కి మూలం అదే. పొట్టి చీపురు విషయంలో మనం అలాంటి లెక్క వేసుకోలేదు. ఎవరి శ్రమని లెక్కలోకి తీసుకున్నామో, ఎవరిది వదిలేశామో వస్తువు ఆకారమే చెబుతుంది.

చీపురుని లక్ష్మీదేవి అంటాం. కాలు తగిలితే కళ్ళకద్దుకుంటాం. వంగిన నడుముకి మాత్రం రాత్రి ఇంత నొప్పి మందు రాసి ఊరుకుంటాం!

దీనికి పెద్ద ఫ్యాక్టరీలేం అక్కర్లేదు. కొండచీపురు గడ్డి మన మన్యంలోదే. కొబ్బరి ఈనెలు మన ఉద్దానంలోవే. కావలసిందల్లా ఒక వెదురుకర్ర. ఈసారి సంతలో పొడుగు చీపురే అడగండి. దొరక్కపోతే కర్ర కట్టే పని ఇంట్లో మగవాళ్ళకి అప్పగించండి. అంతకుముందు మాత్రం ఆ పొట్టి చీపురుతోనే ఇల్లంతా ఒకసారి ఊడవమనండి. కర్ర ఎందుకని ఇక అడగరు!