ఆశ్రమం మూసేయడమూ సేవే
థామస్ కోరమ్ ఓడల కెప్టెన్. లండన్ వీధుల్లో దిక్కులేక చనిపోతున్న పసిగుడ్లను చూడలేక, ఏళ్లతరబడి పెద్దల గడపలు తొక్కి, 1739లో రాజు అనుమతిపత్రం సంపాదించి ఫౌండ్లింగ్ హాస్పిటల్ పెట్టాడు. పేరుకే హాస్పిటల్, నిజానికి అనాథాశ్రమం. సంగీతకారుడు హాండెల్ ‘మెస్సయా’ కచేరీలు చేసి దానికి డబ్బు పోగుచేశాడు. బిడ్డను అప్పగించే తల్లి ఎప్పటికైనా వెనక్కి తీసుకెళ్లొచ్చన్న ఆశతో ఓ గుడ్డముక్కో నాణెమో ఆనవాలుగా వదిలేది. లోపలేమో బిడ్డకు కొత్త పేరు పెట్టేసేవాళ్లు. దయ అంత కర్కశంగానూ ఉండగలదు! 1756 నుంచి నాలుగేళ్లపాటు, ప్రభుత్వ సొమ్ముతో, తెచ్చిన బిడ్డనల్లా చేర్చుకున్నారు. దాదాపు 15 వేలమంది వచ్చారు, ఎక్కువమంది బతకలేదు. 1954లో పిల్లల్ని అక్కడ ఉంచి పెంచడం ఆగిపోయింది. సంస్థ ఆగలేదు. ‘కోరమ్’ పేరుతో ఇప్పుడు పిల్లలకు దత్తత కుటుంబాలను వెతుకుతోంది, న్యాయసలహా ఇస్తోంది. నన్నడిగితే దాని చరిత్రలో ఆ మూసివేతే గొప్ప పని. మన 2015 బాలల న్యాయచట్టమూ ఆశ్రమాన్ని ఆఖరి దారిగానే చూస్తుంది. బిడ్డ ఇంట్లోనే పెరిగేలా మిషన్ వాత్సల్య పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. అయినా మన దాతలకు పుట్టినరోజు కేకు కోయడానికి, దుప్పట్లు పంచడానికి ఆశ్రమమే కావాలి. భర్త పోయిన తల్లికి ఇంటద్దె కడితే ఫొటో రాదు మరి.