పార్టు మార్చే ముందు మీటర్ పెట్టండి

మొన్న వానాకాలంలో నాన్న ఆటోమేటిక్ కారు నడిరోడ్డు మీద మొండికేసింది. ఎంత తొక్కినా ఒకే గేరులో ఈడ్చుకుంటూ ఇంటికొచ్చింది. గ్యారేజీలో స్కానర్ పెడితే 'యూ0101' కోడ్ వచ్చింది. 'గేర్‌బాక్స్ కంట్రోల్ యూనిట్ పోయింది సార్, మార్చేయాలి' అన్నారు. పక్కనే ఉన్న నేను, ఈసీఈ పట్టా ఉన్నవాణ్ని, సరేనన్నాను. నాన్న రెండు నెలల పింఛను ఖర్చయిపోయింది. పది రోజులకు మళ్లీ అదే కోడ్!

చివరికి ఓ ఆటో ఎలక్ట్రీషియన్ మల్టీమీటర్‌తో వెతికితే, బ్యాటరీ కింద ఎర్త్ వైరుకు చిలుము పట్టి ఉంది. గీకి బిగిస్తే కారు బాగైంది. యూనిట్ మార్చేటప్పుడు ఆ వైరు కదిలి పది రోజులు నడిచిందంతే. పాత యూనిట్‌కు ఏమీ కాలేదు.

'యూ0101' అంటే యూనిట్ నుంచి సమాచారం రావట్లేదని మాత్రమే. ఫోన్ ఎత్తకపోతే మనిషికి ఏదో అయిందని తేల్చేస్తామా? ఛార్జింగ్ అయిపోయి ఉండొచ్చు, సిగ్నల్ లేకపోవచ్చు. ఇదీ అంతే. ఫ్యూజు పోయినా, ఎర్త్ సరిగా లేకున్నా, క్యాన్ వైరు తెగినా అదే కోడ్ వస్తుంది. ముందు కనెక్టర్ దగ్గర 12 వోల్టులు అందుతున్నాయా, ఎర్త్ వైపు వోల్టేజి పడిపోతోందా చూడాలి. బ్యాటరీ విప్పి క్యాన్ వైర్ల మధ్య కొలిస్తే సాధారణంగా 60 ఓమ్‌ల దగ్గర చూపాలి. ఎందుకంటే రెండు చివర్లా ఉన్న 120 ఓమ్‌ల రెసిస్టర్లు సమాంతరంగా ఉంటాయి. ఈ లెక్క పరీక్షలో రాశాను, కారు ముందు గుర్తురాలేదు.

అన్నీ సరిగ్గా ఉంటేనే యూనిట్‌ను అనుమానించాలి. అప్పుడైనా ప్లగ్గు మార్చి పెడితే పనైపోదు. చాలా కార్లలో కొత్త యూనిట్‌కు ఆ మోడల్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాలి, కారు వీఐఎన్ నంబరు రాయాలి, క్లచ్‌లు ఎక్కడ పట్టుకుంటాయో దానికి నేర్పించాలి. పాత సామాన్ల దుకాణంలో చవగ్గా దొరికిన యూనిట్ వేరే కారు వివరాలతో వస్తుంది.

మెకానికల్ వాళ్లు 'కోడ్ మా పని కాదు' అంటారు, ఈసీఈ వాళ్లు 'గ్రీజు మా పని కాదు' అంటారు. నా ఉద్దేశంలో మంచి ఉద్యోగాలు ఆ రెంటి మధ్యే ఉన్నాయి. 'తనిఖీకి డబ్బులెవరిస్తారు?' అని గ్యారేజీలు అడగడంలోనూ న్యాయం ఉంది. పార్టుకు వేలు పోసే మనం, లోపం కనిపెట్టినవాడికి వందలివ్వడానికి బేరమాడతాం. ఈ అలవాటు మారాలి.

ఫైనలియర్ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంకో సర్టిఫికెట్ కంటే ముందు ఓ మల్టీమీటర్ కొనండి. సెలవుల్లో దగ్గర్లోని ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికెళ్లి వైరింగ్ డయాగ్రమ్ చదవడం నేర్చుకోండి. మీ నాన్న పింఛనైనా మిగులుతుంది.